మతిమరుపును వయసు మీదికి నెట్టేముందు బి12 చూపించండి

సంపాదకునికి నమస్కారం.

తాత పేర్లు మర్చిపోతున్నాడు, చీటికిమాటికి కసురుకుంటున్నాడు. అవ్వకు దేనిమీదా ఆసక్తి లేదు, పగలంతా మంచం దిగడం లేదు. ఇలాంటి మాట రాగానే మన తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్లలో వయసు మీదపడిందంటారు, లేదా గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. విటమిన్ బి12 తగ్గినా అచ్చం ఇవే లక్షణాలు కనిపిస్తాయి. ఒక్క రక్తపరీక్షతో తెలుసుకోగలిగిన, తక్కువ ఖర్చుతో సరిచేయగలిగిన కారణమిది. దీన్ని చూసుకోకుండా ఏళ్లు గడిచిపోతున్నాయన్నదే నా బాధ.

మనిషికి రోజుకు కావలసిన బి12 రెండు, రెండున్నర మైక్రోగ్రాములే. ఆ కొంచెం కూడా అందకపోతే నరాల మీద తొడుగులా ఉండే మైలిన్ పొర దెబ్బతింటుంది. సెరటోనిన్, డోపమైన్ లాంటి మెదడు రసాయనాల తయారీ కుంటుపడుతుంది, హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం రక్తంలో పేరుకుపోతుంది. దిగులు, చిరాకు, మతిమరుపు, అనుమానాలతో మొదలై, కొందరిలో లేని మాటలు వినిపించేదాకా పోతుంది.

‘రక్తం బాగానే ఉంది కదా, ఇంకేం విటమిన్ లోపం?’ అని చాలామంది అడుగుతారు. హిమోగ్లోబిన్ సరిగ్గా ఉన్నా బి12 లోపం మెదడును, నరాలను దెబ్బతీయగలదు. 1988లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో బి12 లోపంతో నరాల, మానసిక సమస్యలు వచ్చిన 141 మందిలో 40 మందికి రక్తహీనతగానీ, ఎర్రకణాలు పెద్దవి కావడంగానీ లేవు. ఇంకో చిక్కుంది. ఫోలిక్ యాసిడ్ గోలీలు ఒక్కటే మింగితే రక్తహీనత సర్దుకుంటుంది, నరాల దెబ్బ మాత్రం లోలోపల సాగిపోతూనే ఉంటుంది.

మన తిండి సంగతి చూద్దాం. రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి, పప్పు, ఆకుకూర అన్నీ మంచివే, కానీ వాటిలో బి12 లేదు. చద్దన్నంలోనూ ఇడ్లీ పిండిలోనూ పులిస్తే బి12 పుడుతుందన్న ప్రచారాన్ని నమ్ముకోవద్దు. మాంసం, చేపలు, గుడ్లు, పాలు, పెరుగు, వీటినుంచే అది రావాలి. పావులీటరు పాలలో సుమారు ఒక మైక్రోగ్రాము, ఒక గుడ్డులో అర మైక్రోగ్రాము ఉంటుంది. పాడి ఉన్న ఇంట్లోనే ఈ లోటు వస్తుందంటే నమ్మరు. పొద్దునా సాయంత్రం పాలన్నీ డెయిరీకి పోసేసి, కాఫీకి మాత్రం ఉంచుకునే ఇళ్లు మన పల్లెల్లో తక్కువేం కాదు. రెండు కాఫీల్లో పడే పాలు వంద మిల్లీలీటర్లు అనుకున్నా అర మైక్రోగ్రాము దాటదు. నీళ్ల మజ్జిగలో ఇంకెంత ఉంటుంది? కాలేయంలోని నిల్వ రెండు మూడేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం నెట్టుకొస్తుంది కాబట్టి, మాంసం మానేసిన చాలాకాలానికి లోపం బయటపడుతుంది. అప్పటికి ఆ రెండింటినీ కలిపి ఆలోచించేవారు ఉండరు.

మాంసం తినేవారికీ ఇది రావచ్చు. తిండిలోంచి బి12 విడిపోవాలంటే కడుపులో ఆమ్లం కావాలి. అది పేగులో ఇంకాలంటే కడుపు గోడలే తయారుచేసే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ తోడుండాలి. వయసు పెరిగేకొద్దీ ఈ ఏర్పాటు బలహీనపడుతుంది. గ్యాస్ గోలీ అంటూ చీటీ లేకుండా కొని ఏళ్ల తరబడి మింగే పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ ఆ ఆమ్లాన్నే అణచేస్తాయి. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ కూడా డోసు, వాడిన ఏళ్లు పెరిగేకొద్దీ బి12ను తగ్గిస్తుంది. అలాగని దాన్ని సొంతంగా ఆపొద్దు, ఏడాదికోసారి బి12 చూపించుకుంటే చాలు.

ఇంట్లోనే గమనించగల గుర్తులున్నాయి. అరికాళ్లలో తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టుండటం, నాలుక నున్నగా ఎర్రబారి మంట పుట్టడం. కళ్లు మూసుకుని ముఖం కడుక్కునేటప్పుడు తూలి తొట్టి అంచు పట్టుకుంటున్నారా, చీకట్లో గోడ పట్టుకుని నడుస్తున్నారా చూడండి. మతిమరుపుకు ఇవి తోడైతే ఆలస్యం చేయొద్దు.

బి12 గోలీలు మొదలుపెట్టకముందే పరీక్షకు రక్తం ఇవ్వాలి. నాలుగు రోజులు మింగి వెళితే అంకె పెరిగి, లోపం లేనట్టు కనిపిస్తుంది. సాధారణంగా మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపు ఉంటే లోపమే. 200 నుంచి 300 మధ్య ఉంటే ల్యాబు కాగితంలో ‘నార్మల్’ అని ఉన్నా వదిలేయకుండా, హోమోసిస్టీన్ కూడా చూడాలా అని డాక్టరును అడగండి.

నరాల లక్షణాలుంటే 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్లు మొదట రోజూ లేదా రోజు విడిచి రోజు, తర్వాత వారానికొకటి, ఆపైన నెలకొకటి వేయడం వాడుక. లోపం ఓ మాదిరిగా ఉంటే రోజుకు 1000 మైక్రోగ్రాముల గోలీ కూడా పనిచేస్తుంది. మామూలు బి కాంప్లెక్స్ గోలీలో ఉండే కొద్దిపాటి మోతాదు ఈ లోటును పూడ్చదు. ఎక్కువగా జరిగే తప్పు, నాలుగు ఇంజెక్షన్లకు ఓపిక రాగానే మానేయడం. రక్తం రెండు నెలల్లో సర్దుకున్నా, నరాలకూ మెదడుకూ ఆరు నెలలో ఏడాదో పడుతుంది. మరీ ఆలస్యమైతే పోయిన జ్ఞాపకశక్తి పూర్తిగా రాకపోవచ్చు. లోటుకు కారణం అలాగే ఉంటే మందు జీవితాంతం సాగాలి.

బాలింతల గురించి గట్టిగా చెప్పాలి. పథ్యం పేరుతో పాలు, గుడ్లు మాన్పిస్తే తల్లికే కాదు, చనుపాల మీదే బతికే బిడ్డకూ బి12 అందదు. బిడ్డ నవ్వడం తగ్గి, నిలబెట్టిన మెడ మళ్లీ వాల్చి, చేతులు వణకడం మొదలుపెడితే దిష్టి తీస్తూ కూర్చోకుండా ఆ రోజే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

తాగుడు అలవాటున్న మనిషి హఠాత్తుగా అయోమయంలో పడి, తూలుతూ, కళ్లు అదురుతుంటే అది మత్తే అనుకోవద్దు. బి1 లోపం వల్ల వచ్చే అత్యవసర స్థితి కావచ్చు. సెలైన్‌లో గ్లూకోజ్ ఎక్కించేముందే థయమిన్, అంటే ఆ బి1, పడాలి కాబట్టి, తాగుడు సంగతి దాచకుండా చెప్పండి.

డి విటమిన్ వేసుకుంటే దిగులు పోతుందన్న ఆశ మాత్రం ఎక్కువ పెట్టుకోవద్దు. అమెరికాలో 18 వేల మందికి పైగా పెద్దవారి మీద చేసిన, 2020లో వెలువడిన పరిశోధనలో రోజూ డి విటమిన్ ఇచ్చినా డిప్రెషన్ రావడం తగ్గలేదు. వారానికొకటి వేసుకోవాల్సిన 60 వేల యూనిట్ల గోలీని రోజూ మింగితే రక్తంలో కాల్షియం పెరిగి, మతి తప్పడమే మొదలవుతుంది.

దిగులంతా విటమిన్ లోపమేనని నేననడం లేదు. మానసిక వైద్యులు ఇచ్చిన మందులు వాడుతున్నవారు వాటిని ఆపి బి12 మీద ఆధారపడకూడదు. చావు ఆలోచనలు వస్తుంటే పరీక్షల ఫలితం కోసం ఆగకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు నా విన్నపం: తిరుపతి రుయా వంటి పెద్దాసుపత్రుల నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల దాకా షుగరు రోగుల చీటీలో ఏడాదికోసారి బి12 పరీక్ష గడి చేర్చండి. మతిమరుపుతో వచ్చే ప్రతి పెద్దమనిషికీ థైరాయిడ్‌తోపాటు ఈ పరీక్షా మొదటిరోజే రాయించండి.

— ఒక వైద్యుడు, తిరుపతి