మొదటి ముక్క నాదే

ఒరేయ్,

మొన్న ఫోన్‌లో ఏమన్నావు? "ఆ ఫ్రెంచ్ టోస్ట్ సంగతేంటో రెండు ముక్కల్లో చెప్పరా, ఆదివారం పొద్దున్న చేసి ఇంట్లో అందర్నీ ఆశ్చర్యపరుస్తా" అన్నావు. రెండు ముక్కల్లో తేలే వ్యవహారమైతే అప్పుడే చెప్పేవాణ్ణి. నాకు అది కుదరడానికి ఎన్ని ఆదివారాలు పట్టిందో, ఎన్ని ముక్కలు చెత్తబుట్ట పాలయ్యాయో మా ఆవిడని అడుగు, వేళ్లు మడిచి మరీ చెబుతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. నువ్వూ తీరిగ్గానే చదువు. పొయ్యి ముందు నిలబడి మాత్రం చదవకు, అక్కడ ముక్క మాడుతుంది.

ముందు నా మొదటి ఘనకార్యం చెప్పాలి. ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు. నేనొక్కణ్ణే లేచి, అప్పుడే తెచ్చిన మెత్తటి బ్రెడ్ విప్పి, గుడ్లూ పాలూ గిలక్కొట్టి, పంచదారా దాల్చినచెక్క పొడీ కూడా అదే గిన్నెలో గుప్పించా. అన్నీ ఒకే గిన్నెలో పడేస్తే పని సగం తగ్గుతుంది కదా అని నా తెలివి. ఆ పొడి కలిస్తే ఒట్టు! ఎంత గిలక్కొట్టినా పైన తెట్టులా తేలుతుంది. అదేమైనా పంచదారా కరగడానికి? చెట్టు బెరడు పొడి. మొదటి ముక్క ముంచగానే పైనున్నదంతా దానికే అంటుకుంది. పెనం మీద వేస్తే ఆ పొడీ, పంచదారా కలిసి నల్లగా మాడాయి. మిగతా ముక్కలకి దాల్చినచెక్క వాసన కూడా తగల్లేదు. పైగా ఆ మెత్తటి బ్రెడ్ పాలు పీల్చుకుని, ఎత్తబోతే తడిగుడ్డలా జారి మధ్యకి తెగింది. చిన్నాడు వచ్చి పళ్లెంలోకి తొంగిచూసి, "నాన్నా, ఇది ఎవరికి?" అన్నాడు. నాకే అన్నాను. అప్పట్నుంచీ మా ఇంట్లో మొదటి ముక్క నాదే.

అసలు తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి చాలాకాలం పట్టింది. ఎంతసేపూ గుడ్ల లెక్క మారుస్తూ, పాలు తగ్గిస్తూ, మంట పెంచుతూ కూర్చున్నా. తప్పు బ్రెడ్‌ది. తాజా బ్రెడ్ దీనికి పనికిరాదు. లోపల అప్పటికే బోలెడు తేమ ఉంటుంది, ఇంకా పాలు తాగిస్తే ఎక్కడ పెట్టుకుంటుంది? నిన్నటిదో మొన్నటిదో కావాలి. వేలెడు మందాన, అంటే దాదాపు 2 సెంటీమీటర్లు, కోసి రాత్రే జల్లెడ లాంటి దాని మీద పరిచి వదిలెయ్. పొద్దున్నకి పైన కాస్త గట్టిపడి, గోటితో గీస్తే గరగరమంటుంది. రాత్రి మర్చిపోయావా, ఒవెన్‌లో 120 డిగ్రీల దగ్గర పది పదిహేను నిమిషాలు పెట్టు, మధ్యలో ఒకసారి తిప్పు. ఎర్రబడకూడదు, ఆరాలి అంతే. ఇంకో తమాషా విను. బ్రెడ్‌ని ఫ్రిజ్‌లో పెడితే తాజాగా ఉంటుందని మనమంతా అనుకుంటాం. బూజు తొందరగా పట్టదు, అంతవరకు నిజమే. కానీ ఆ చలిలో బ్రెడ్‌లోని పిండి పదార్థం బయటికంటే తొందరగా బిరుసెక్కిపోతుంది. మామూలుగా తినడానికి అది శాపం, మన టోస్ట్‌కి మాత్రం వరం. కాబట్టి ఫ్రిజ్‌లో అడుగున పడున్న ఆ సగం ప్యాకెట్ పారేయకు, దానికీ ఓ రోజొచ్చింది.

సన్నగా కోసి అమ్మే ముక్కలతో కూడా అవుతుంది గానీ నాకు నచ్చవు. పైన కరకర, లోపల మెత్తన అనే తేడా వాటిలో తెలీదు.

ఇక గుడ్లు. ఎనిమిది ముక్కలకి నాలుగు గుడ్లు, ఒక కప్పు పాలు, అంటే 240 మిల్లీలీటర్లు, చిటికెడు ఉప్పు, వెనిల్లా ఉంటే ఒక చెంచా. పాలు వెన్న తీయనివే వాడు. మీ అమ్మాయికి గుడ్డు వాసన గిట్టదన్నావు కదా, ఆ వాసన చాలావరకు తెల్లసొనది. దాన్లో గంధకం ఉన్న పదార్థాలు ఎక్కువ, వేడి తగిలితే బయటపడతాయి. కాబట్టి రెండు గుడ్లు పూర్తిగా వేసి, మిగతా రెండింటి బదులు మూడు పచ్చసొనలు వెయ్. పిల్లకి అనుమానం కూడా రాదు. గిలక్కొట్టేటప్పుడు తెల్లసొన తీగల్లా మిగలకుండా చూసుకో. ఆ తీగలే ముక్క అంచున పట్టుకుని, పెనం మీద చిన్న ఆమ్లెట్ లాగా ఉడికి వేలాడతాయి. ఓపికుంటే ఒకసారి వడకట్టు. పంచదార ఈ గిన్నెలో వెయ్యను. ఒక చెంచా వేస్తే రంగు బాగా వస్తుందంటారు, కావచ్చు, కానీ పాలకున్న తీపితోనే నాకు చాలినంత ఎరుపు వస్తోంది, మాడే భయమూ లేదు.

ముంచడం చూడ్డానికి చిన్న పనే గానీ అసలు సంగతంతా అక్కడే ఉంది. లోతు గిన్నె వద్దు, అంచున్న వెడల్పాటి పళ్లెం తీసుకో. ముక్క పెట్టి ఇరవై సెకన్లు ఆగు, తిప్పి ఇంకో ఇరవై. ఎండిన బ్రెడ్ అయితే ఇంకొంచెం పడుతుంది. తర్వాత మధ్యలో వేలితో మెల్లగా నొక్కు. గట్టిగా తగిలిందంటే లోపలికింకా దిగలేదు. స్పాంజిలా లోపలికి పోయి మళ్లీ మెల్లగా పైకి లేచిందంటే సరిపోయింది. వేలు దిగబడి గుంట అలాగే ఉండిపోయిందా, ఆలస్యం చేశావు, దాన్ని రెండు చేతులతో ఎత్తుకోవాలి. తీసేటప్పుడు పళ్లెం మీద నిలువుగా పట్టుకుని నాలుగు చుక్కలు కారనివ్వు. పెనం పక్కనే పళ్లెం పెట్టుకో, లేకపోతే పొయ్యి గట్టంతా పచ్చటి మరకలే. ఇదీ అనుభవమే.

పెనం విషయంలో నాకు చెవే గురువు. సన్నటి మంట మీద ఒక చెంచా వెన్న వేస్తే ముందు నురగ కట్టి చిటపటలాడుతుంది. అది వెన్నలోని నీళ్లు ఆవిరయ్యే చప్పుడు. నురగ తగ్గి ఆ గొడవ సద్దుమణిగేదాకా ఆగు. సద్దుమణిగిన వెంటనే ముక్క వెయ్, ఇంకా ఆగితే అడుగున గోధుమరంగు నలుసులు కనబడతాయి, తర్వాత అవే నల్లబడతాయి. నూనె కలిపితే వెన్న మాడదని చాలామంది నమ్మకం. మాడేది వెన్నలో ఉన్న పాల నలుసులు. ఎంత నూనె పోసినా అవి అక్కడే ఉంటాయి, వెన్న తక్కువ పడుతుంది గనక తక్కువ మాడతాయి, అంతే. నేను చేసేది వేరే. ప్రతి రెండు ముక్కలకీ పెనాన్ని కాగితంతో తుడిచి కొత్త వెన్న వేస్తా. మొదట్లో బద్ధకించి తుడవలేదు. నాలుగో విడత ముక్కలు చూసి మా ఆవిడ "బొగ్గుతో రాశావా?" అంది.

ఒకవైపు మూడు నిమిషాలు, రెండోవైపు రెండున్నర. గడియారం కంటే అంచు చూడు. తడి మెరుపు పోయి అంచు ఆరినట్టు కనబడితే అట్లకాడ పెట్టు, దానంతటదే ఊడొస్తుంది. ఊడకపోతే ఇంకా టైం ఉందని అర్థం, పీకకు. దించేముందు మధ్యలో నొక్కు. పక్కల నుంచి పచ్చి ద్రవం ఊరితే ఇంకా ఉడకాలి. లోపలి వేడి 71 డిగ్రీలు దాటితే గుడ్డు గురించి బెంగ లేదు. పిల్లలకి పెడుతున్నాం కాబట్టి నేనొక థర్మామీటర్ కొన్నా, ఇంట్లో అందరూ నవ్వారు. నవ్వనీ. మంట పెంచితే తొందరగా అవుతుందని మాత్రం ఆశపడకు, పైన రంగు చూసి మోసపోతావు, లోపల చల్లగా పచ్చిగా ఉంటుంది.

మరి మొదటి ముక్క ఎందుకు ఎప్పుడూ తేడాగా వస్తుందంటావా? పెనం ఇంకా అన్నివైపులా సమంగా కాగి ఉండదు. అందుకే దాన్ని లెక్కలోంచి తీసేశా. మంట ఎలా ఉందో అదే చెబుతుంది, నిలబడే తినేస్తా. చేసేవాడికి ఆ మాత్రం జీతం ఉండాలి.

ఇప్పుడు అసలు దగ్గరికొద్దాం. దాల్చినచెక్క పంచదార పెనంలోకీ వద్దు, గుడ్ల గిన్నెలోకీ వద్దు. అన్నీ అయ్యాక, బయట, చిట్టచివర. అర కప్పు పంచదారకి ఒక టేబుల్ స్పూను పొడి, ఒక పలుకు ఉప్పు. పొడిగానే కలుపు, అప్పుడు పంచదార రేణువులు ఆ పొడిని ఉండ కట్టకుండా విడదీస్తాయి. నీళ్లలో ఎంతకీ లొంగనిది ఇక్కడ చెంచా రెండుసార్లు తిప్పితే లొంగిపోతుంది. మామూలు పంచదారే చాలు. మరీ మెత్తగా పొడి కొడితే టోస్ట్ మీద పేస్టులా అయిపోతుంది. మరీ పెద్ద పలుకులైతే నిలవక రాలిపోతాయి.

దాల్చినచెక్కలో రెండు రకాలున్నాయి, డబ్బా మీద చూసి కొను. సిలోన్ రకం పల్చటి పొరలు చుట్టచుట్టినట్టుంటుంది, చేత్తో నలిపితే విరుగుతుంది, వాసన సున్నితం. కాసియా అనేది మందంగా ఒకే పొర, రాయిలా గట్టి, ఘాటెక్కువ. నిజం చెప్పనా, టోస్ట్ మీద నాకు ఆ ఘాటే ఇష్టం. కాకపోతే కాసియాలో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ. రోజూ మోతాదు మించితే కొందరికి కాలేయానికి మంచిది కాదు. యూరప్ ఆహార భద్రతా సంస్థ పెట్టిన హద్దు రోజుకి కిలో బరువుకి 0.1 మిల్లీగ్రాములు. వారానికోసారి టోస్ట్ మీద చల్లుకుంటే భయమేం లేదు గానీ, పిల్లలు రుచి మరిగి రోజూ అడగడం మొదలుపెడితే సిలోన్‌కి మారిపో. దాన్లో కూమరిన్ లేనట్టే లెక్క. ఏదైనా సరే, పాత డబ్బా అయితే చిటికెడు వేళ్ల మధ్య నలిపి చూడు. ముక్కుకి ఏమీ తగలకపోతే నువ్వు చల్లేది మట్టి.

అయిదుగురికి పెట్టడం అనే సమస్య నన్ను చాలా ఏడిపించింది. పెనం మీద పట్టేవి రెండు ముక్కలు. ఇద్దరు తింటుంటే ముగ్గురు చూస్తుంటారు. ఆ ముగ్గురికీ వచ్చేసరికి ఆ ఇద్దరూ లేచి వెళ్లిపోతారు. నేను కూర్చునేసరికి టేబుల్ మీద ఎంగిలి పళ్లేలు తప్ప మనుషులుండరు. అన్నీ చేసి ఒక పళ్లెంలో దొంతరగా పేరిస్తే? కింది ముక్కల ఆవిరి పై ముక్కలకి, పైవాటి బరువు కిందివాటికి, మొత్తం మెత్తటి ముద్ద. పంచదార అద్దేసి పేర్చావో ఇంకా ఘోరం. పంచదార తేమని లాక్కుని పాకంలా కరిగి కారిపోతుంది.

దీనికి దారి ఏంటంటే, కాలిన ముక్కల్ని పంచదార లేకుండా, ఒవెన్‌లో 100 డిగ్రీల దగ్గర తీగల అర మీద పక్కపక్కనే పెట్టు. పళ్లెంలో కాదు, తీగల మీదే. కింద కూడా గాలి ఆడాలి. ఇరవై నిమిషాలు నిక్షేపంగా ఉంటాయి, పైగా పైపొర ఇంకా కరకరలాడుతుంది. ఆ ఆరిన పైపొర మీద పంచదార అంటుకోదేమో అంటావా? అంటుకోదు. అందుకని చిన్న గిన్నెలో వెన్న కరిగించి, బ్రష్‌తో పల్చగా రాసి, వేడి ముక్కని పంచదార పళ్లెంలో ఒకసారి ఇటూ ఒకసారి అటూ పొర్లించు. ఇప్పుడు మా ఇంట్లో ఈ పని పిల్లలది. పెద్దది వెన్న రాస్తుంది, చిన్నాడు పంచదారలో పొర్లిస్తాడు. వాడి ముక్కకి నాలుగువైపులా, అంచులకి కూడా అద్దుతాడు. వాళ్లమ్మది మాత్రం ఒకేవైపు, "నీకు స్వీట్ ఎక్కువొద్దు కదా" అంటూ. అందరం ఒకేసారి కూర్చుని తింటున్నాం. నాకు ఈ మొత్తం వంటలో బాగా నచ్చింది అదేరా.

ఇంతకీ దీనికి ఫ్రెంచ్ అని పేరెందుకని పెద్దది అడిగింది. చూస్తే, రొట్టెని పాలలో నానబెట్టి వేయించి తేనె పోసుకోవడం రోమన్ల కాలంలోనే ఉందట. ఫ్రాన్స్‌లో వాళ్లు దీన్ని 'పాఁ పెర్దూ' అంటారు, అంటే పనికిరాకుండా పోయిన రొట్టె అని. జర్మన్లు 'పేద వీరులు' అంటారు. "అయితే మనం తినేది పాడైపోయిన బ్రెడ్డా?" అని చిన్నాడు నోట్లో ముక్క పెట్టుకునే అడిగాడు. అవునన్నాను. ఇంకోటి వెయ్యమన్నాడు.

పైన ఏం వేసుకోవాలి అని నువ్వు అడగకముందే చెబుతున్నా, పళ్ల ముక్కలు పక్కన పెట్టుకో, పైన కాదు. తడి తగిలితే పంచదార కరకర పోతుంది. సిరప్ అసలొద్దు. ఇంత కష్టపడి బయట కట్టిన పొరని మళ్లీ నానబెట్టడం ఎందుకు?

ఆదివారం చెయ్యి, సాయంత్రం ఫోన్ చెయ్యి. మొదటి ముక్క ఎలా వచ్చిందో దాచకుండా చెప్పాలి. శనివారం రాత్రి పడుకునేముందు బ్రెడ్ పరచడం మర్చిపోకు. మిగిలిన దాల్చినచెక్క పంచదార సీసాలో పోసి పిల్లలకి అందని అరలో పెట్టు. మా సీసా నేను నింపినప్పటికంటే రెండు వేళ్లు తగ్గింది. మూత మీద చిన్న చిన్న జిడ్డు వేలిముద్రలున్నాయి.

నీ వాడు