దంత కళాశాలల్లో సగంలో ఆగిన వైద్యం ఎవరి లెక్క?

సంపాదకులకు నమస్కారం.

తమ ఆసుపత్రికి వచ్చే రోగుల్లో అత్యధికులు సంతృప్తిగా ఉన్నారని దంత కళాశాలలు తరచుగా చెప్పుకుంటాయి. అది అబద్ధమని నేననను. బయట వేలల్లో అయ్యే రూట్ కెనాల్ (పాడైన పన్ను లోపలి భాగాన్ని శుభ్రం చేసి నింపే వైద్యం), క్యాప్, కట్టుడు పళ్ళ సెట్టు ఇక్కడ తక్కువ ఖర్చుతో పూర్తవుతాయి గనుక, పూర్తయినవారు సంతోషించడం సహజమే. నా అభ్యంతరమల్లా ఆ మాట ఎవరిని, ఎప్పుడు, ఎవరు అడుగుతున్నారన్నదే. నేను చూసినంతవరకు అభిప్రాయాల ఫారం చికిత్స ముగిసిన రోజున, కుర్చీ పక్కనే, చాలాసార్లు వైద్యం చేసిన విద్యార్థి చేతుల మీదుగానే రోగికి అందుతుంది. నాలుగు గంటలు ఓపికగా తన నోట్లో పనిచేసిన పిల్లవాడి ముఖం చూస్తూ 'బాగాలేదు' అని టిక్కు పెట్టడానికి మనవాళ్ళకు మనసొప్పదు. రెండో సిట్టింగు తర్వాత రావడం మానేసినవారికైతే ఆ ఫారమే అందదు.

వాళ్ళెందుకు మానేస్తారో తెలుసుకోవాలంటే అక్కడ పని సాగే తీరు చూడాలి. దంతవైద్య డిగ్రీ అయిన బీడీఎస్ నాలుగేళ్ళ చదువు, ఆపైన ఏడాది హౌస్ సర్జన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే శిక్షణ. మూడో ఏడాది నుంచి విద్యార్థులు రోగులను చూస్తూ, పోస్టింగుల ప్రకారం ఒక విభాగం నుంచి మరో విభాగానికి మారుతుంటారు. పూర్తి పళ్ళ సెట్టుకు మొదటి అచ్చు, రెండో అచ్చు, దవడల కొలత, మైనం మీద పళ్ళు అమర్చి చూడటం, చివరికి సెట్టు ఇవ్వడం అని కనీసం ఐదుసార్లు రోగి రావాలి. ఒక్కో దశకూ అధ్యాపకుడు చూసి సంతకం పెడితే గాని తర్వాతి పని మొదలుకాదు. ఇంతలో పరీక్షలో, సెలవులో వస్తాయి, లేదా పోస్టింగు మారుతుంది. కొత్త విద్యార్థి ఓపీ చీటీ చూసి మళ్ళీ మొదటినుంచి అడుగుతాడు. రూట్ కెనాల్ మధ్యలో పెట్టిన తాత్కాలిక సిమెంటు ఈలోగా ఊడిపోయి, పన్ను విరిగి, చివరికి పీకాల్సి వచ్చినా రికార్డులో మాత్రం 'రోగి రాలేదు' అని ఉంటుంది. ప్రతి రాకకూ ఒక రోజు కూలి పోగొట్టుకునే మనిషి మీద నెపం వేయడానికి ఇంతకంటే సులువైన మాట లేదు.

ఇందులో విద్యార్థుల తప్పు తక్కువ. పరీక్షకు ముందు నిర్ణీత సంఖ్యలో కేసులు పూర్తి చేయాల్సిన ఒత్తిడిలో, రోగి కట్టాల్సిన రుసుమును తమ జేబులోంచి కట్టేవారూ ఉన్నారన్నది ఆ ఆవరణల్లో అందరికీ తెలిసిందే. ఫిర్యాదు పెట్టెలో కాగితం పడితే మాత్రం సంజాయిషీ ముందుగా వాళ్ళనే అడుగుతారు.

రోగికి హక్కులు లేకపోలేదు. కొందరి దగ్గర రుసుము తీసుకుని మరికొందరికి ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రుల్లో ఉచిత రోగులు కూడా వినియోగదారులేనని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పిచ్చింది. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలోని 17 హక్కుల్లో ఫిర్యాదు చేసి పరిష్కారం పొందే హక్కు ఒకటి. అయితే తన పళ్ళ సెట్టు ఎప్పుడిస్తారో తెలియని వృద్ధురాలిని వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళమనడం న్యాయం కాదు. ఆ ఫిర్యాదు కళాశాల గోడల లోపలే తీరాలి.

అందుకు పెద్ద నిధులేమీ అక్కర్లేదు. చికిత్స మొదలైన రోజునే, అది ముగిసేదాకా బాధ్యత వహించే అధ్యాపకుడి పేరు, విభాగం ఫోను నంబరు చీటీ మీద రాయాలి. పోస్టింగు మారే విద్యార్థి తన అసంపూర్తి కేసులను ఎవరికి అప్పగించాడో చూపిన తర్వాతే అతని హాజరు పుస్తకంపై సంతకం పెట్టాలి. అభిప్రాయ సేకరణ ఆ విభాగంతో సంబంధం లేనివారు ఫోను ద్వారా చేయాలి, మధ్యలో ఆగినవారిని తప్పనిసరిగా అడగాలి. 1948 నాటి దంతవైద్యుల చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో ఆమోదించిన జాతీయ దంతవైద్య కమిషన్ చట్టంలో కళాశాలల మదింపు, రేటింగు కోసం ఒక బోర్డు ఉంది. ఓపీకి ఎందరు వచ్చారన్న అంకెతో పాటు, మొదలుపెట్టిన రూట్ కెనాల్‌లు, పళ్ళ సెట్లలో ఎన్ని పూర్తయ్యాయన్న అంకెను కూడా ఆ బోర్డు ప్రతి కళాశాలనూ అడగాలి. అప్పటిదాకా ఆగకుండా విజయవాడ, వరంగల్‌లలోని ఆరోగ్య విశ్వవిద్యాలయాలు తమ అనుబంధ కళాశాలల నుంచి ఈ లెక్కను ఈ విద్యా సంవత్సరంలోనే తెప్పించి బయటపెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గుంటూరు.