“వాద్యబృందం – 8 మంది”: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను విజయవాడలో ముప్పై ఎనిమిదేళ్లుగా డ్రమ్స్ వాయిస్తున్నాను. తమరు నన్ను చూసి ఉండరు కానీ వినే ఉంటారు. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో సినిమా పాటల విభావరి జరిగితే, గాయకుల వెనక, పూలకుండీల వెనక, తెర అంచును ఆనుకుని కూర్చునేవాణ్ణి నేనే.

దసరా రోజుల్లో ఒక ప్రభుత్వ కార్యక్రమానికి వాయించాం. డబ్బు నాలుగు నెలలకు చేతికొచ్చింది. ఈ లేఖ దాని గురించి కాదు, ఆలస్యం మాకు అలవాటే. సంతకం పెట్టమని ఇచ్చిన కాగితంలో ఒక వరుస ఉంది: “వాద్యబృందం – 8 మంది”. దాని పైన షామియానా లెక్క, కింద మంచినీళ్ల సీసాల లెక్క. షామియానా వేసినవారి పేరు, ఊరు రాశారు. సీసాలు ఏ కంపెనీవో రాశారు. మేం మాత్రం ఎనిమిది మందిమి.

ఆ వరుస చదువుతుంటే నాకు ఒక అమెరికా డ్రమ్మర్ గుర్తొచ్చాడు. నా చిన్నతనంలో మా ఆర్కెస్ట్రా గిటారిస్టు మద్రాసు నుంచి ఇంగ్లీషు పాటల క్యాసెట్ తెచ్చాడు. అందులో ఒక పాట డ్రమ్స్‌తోనే మొదలవుతుంది. దుమ్, ద దుమ్, ఠక్. కాలితో వాయించే పెద్ద బేస్ డ్రమ్ మీద మూడు, కర్రతో కొడితే ఠక్కుమనే చిన్న డ్రమ్, అంటే స్నేర్ మీద ఒకటి. బడి పిల్లవాడు బల్ల మీద వాయించగలిగినంత తేలిక. అయినా క్యాసెట్ వెనక్కి తిప్పి తిప్పి వినేవాణ్ణి, ఎందుకంటే నాలుగు దెబ్బల తాళంలో రెండో దెబ్బ దగ్గర రావలసిన స్నేర్ అక్కడ లేదు. ఆ ఖాళీలోకి చెవి పడిపోతుంది. వాయించింది ఎవరని అట్ట మీద వెతికాను. పాడినవారి పేరు ఉంది, పాట పేరు ఉంది. అంతే. ఇంటర్నెట్ వచ్చాక, ఇరవై ఏళ్లకు గానీ ఆ పేరు నాకు దొరకలేదు: హాల్ బ్లెయిన్.

ఆ పాట ‘బి మై బేబీ’. రోనెట్స్ బృందం 1963లో పాడింది. స్నేర్ రెండో దెబ్బ మీదా నాలుగో దెబ్బ మీదా రావాలట. చేతిలో కర్ర జారి రెండోది తప్పిపోయిందని, ఆ తప్పునే ఒప్పుగా చేసుకుని పాటంతా అలాగే వాయించేశానని బ్లెయిన్ తరవాత తనే చెప్పుకున్నాడు. మా వృత్తిలో ఉన్నవారికి ఇందులో రహస్యం అర్థమవుతుంది. వేదిక మీద తప్పు అందరూ చేస్తారు. దాన్ని రెండోసారి అదే చోట, అదే బరువుతో చేయగలిగినవాడే వాద్యగాడు.

ఆయన 1929లో మసాచుసెట్స్‌లోని హోలియోక్‌లో పుట్టాడు. సైన్యంలో పనిచేసి వచ్చి షికాగోలో డ్రమ్స్ చదువుకున్నాడు. తరవాత లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో రోజుకు మూడు నాలుగు రికార్డింగులు. బీచ్ బాయ్స్ అనే పాటల బృందానికి డెనిస్ విల్సన్ అనే సొంత డ్రమ్మర్ ఉన్నా, వారి రికార్డుల్లో చాలావాటికి వాయించింది బ్లెయినే. అట్ట మీద ఫోటో మాత్రం విల్సన్‌ది. 1966 నుంచి 1971 వరకు వరుసగా ఆరేళ్లు అమెరికా సంగీత పురస్కారాలైన గ్రామీలో ఆ యేటి ఉత్తమ రికార్డుగా ఎంపికైనవాటన్నిటిలోనూ డ్రమ్స్ ఈయనవే. గాయకులు మారారు, సంగీత దర్శకులు మారారు, కర్రలు పట్టిన చేతులు మారలేదు. అమెరికాలో మొదటి స్థానానికి చేరిన పాటల్లోనే నలభై దాకా ఆయన వాయించినవి ఉన్నాయి.

ఇంతటివాడూ పేరు కోసం రబ్బరు స్టాంపు చేయించుకోవలసి వచ్చింది. ‘హాల్ బ్లెయిన్ మళ్లీ కొట్టాడు’ అని అర్థం వచ్చే ముద్ర అది. వాయించిన ప్రతిచోటా స్వరాల కాగితం మీద దాన్ని వేసి వెళ్లేవాడు. ఇంగ్లీషులో ఎలా ఉంటుందో గానీ, తెలుగులో ఆ మాట డ్రమ్మర్ల కోసమే పుట్టినట్టుంటుంది.

1980లో లిన్ ఎల్ఎమ్-1 అనే యంత్రం వచ్చింది. నిజమైన డ్రమ్స్ శబ్దాలనే రికార్డు చేసి మీటల్లో పెట్టారు. స్టూడియోలకు మనిషి అవసరం తగ్గింది. దానికి తోడు విడాకుల్లో బ్లెయిన్ సంపాదన పోయింది. ఒక దశలో ఆరిజోనాలో సెక్యూరిటీ గార్డుగా పనిచేశాడు. తట్టితే డ్రమ్స్, ఢోలక్ శబ్దాలు పలికే రిథమ్ ప్యాడ్ అనే యంత్రం వచ్చిన ఏడాది మా ఢోలక్ మాస్టారు ఏం చేశారో నాకు తెలుసు కనుక, ఈ ముక్క దగ్గర నేను కాసేపు ఆగిపోయాను.

కానీ ఆయన మరుగున పడిపోలేదు. 2000లో అమెరికాలో సంగీతకారులను గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సంస్థ పక్కవాద్యకారుల కోసం ప్రత్యేక విభాగం తెరిచినప్పుడు మొదటి ఐదుగురిలో ఆయన ఒకడు. 2018లో గ్రామీ జీవన సాఫల్య పురస్కారం అందుకున్నాడు. మరుసటి ఏడాది మార్చి 11న, తొంభయ్యేళ్ల వయసులో కన్నుమూశాడు. అట్టల మీద లేని పేరు ఎలా బయటపడిందంటే, చాలావరకు ఒక కాగితం వల్ల. అక్కడి సంగీతకారుల సంఘం నియమం ప్రకారం ప్రతి రికార్డింగుకూ ఒక ఒప్పందపత్రం నింపాలి. తేదీ, స్టూడియో, ఎన్ని గంటలు, ఎవరెవరు వాయించారు, ఒక్కొక్కరికి ఎంత. డబ్బు లెక్క కోసం రాసుకున్న ఆ పత్రాలే తరవాత చరిత్రకు సాక్ష్యాలయ్యాయి.

మంత్రి గారూ, ఇది మనకు తెలియని పద్ధతి కాదు. 1948 డిసెంబరు 1న మొదలైన మన విజయవాడ ఆకాశవాణిలో శాస్త్రీయ సంగీత కచేరీకి ముందు గాత్రం ఎవరో చెప్పి, ఆ వెంటనే వయొలిన్ ఎవరో, మృదంగం ఎవరో చెప్పేవారు. అన్నవరపు రామస్వామి, దండమూడి రామమోహనరావు అనే పేర్లు వారి ముఖాలు చూడకముందే నాకు కంఠతా వచ్చాయి. ఉదయం మా నాన్నగారు అద్దం ముందు గడ్డం గీసుకుంటూ, మృదంగం పేరు చెప్పగానే కత్తి ఆపి తల ఊపేవారు. 2021లో పద్మశ్రీ అందుకున్న మన సంగీతజ్ఞులు చూడండి, రామస్వామి గారిది వయొలిన్, నిడుమోలు సుమతి గారిది మృదంగం. పక్కన కూర్చున్నవారిని ఢిల్లీ గుర్తుపట్టిందంటే, అంతకు ముందు ఎన్నో ఏళ్లు రేడియో ఆ పేర్లు పలుకుతూ వచ్చింది కనుకే.

సినిమా పాటలు వాయించే మమ్మల్ని ఆ మహానుభావుల సరసన కూర్చోబెట్టమని నేను అడగడం లేదు. పేరు రాయమంటున్నాను. చట్టం కూడా మా వైపే ఉంది. 2012లో సవరించిన కాపీరైట్ చట్టంలోని 38బి సెక్షన్ ప్రకారం, ప్రదర్శన ఇచ్చిన కళాకారుడు అది తనదని గుర్తించమని కోరవచ్చు. పేరు చెప్పడానికి వీలుపడని సందర్భాలకు మినహాయింపు ఉందనుకోండి. ఫ్లెక్సీ మీద చోటు లేదనే వాదన ఆ మినహాయింపు కిందికి రాదని నా నమ్మకం. ఆ ఫ్లెక్సీల మీద ఎవరెవరి ఫోటోలు ఎంతెంత ఉంటాయో తమకు తెలియనిది కాదు.

ప్రభుత్వ సొమ్ముతో జరిగే ప్రతి సంగీత కార్యక్రమానికీ ఆహ్వానపత్రంలో, వీడియోలో వాద్యకారుల పేర్లు, వాద్యాల పేర్లు ఉండాలని ఒక ఉత్తర్వు ఇవ్వండి. చెల్లింపు కాగితంలో మనిషికొక వరుస పెట్టించి, ఎవరి డబ్బు వారి ఖాతాలోకే పంపించండి. ఆ కాగితాల నకళ్లు ఇక్కడి ఘంటసాల ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో భద్రపరిస్తే, రేపు ఏ కుర్రవాడైనా ఒక పాట విని ‘ఇది వాయించింది ఎవరు?’ అని అడిగితే ఇరవై ఏళ్లు ఎదురుచూడక్కరలేదు. గాయకులు కరోకే ట్రాకుల మీద, అంటే ముందే రికార్డు చేసిన వాద్యాల మీద పాడటాన్ని నిషేధించమని మా మిత్రులు కొందరు రాయమన్నారు. నేను రాయను. యంత్రాన్ని ఉత్తర్వుతో ఆపలేం.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. బ్లెయిన్ కథ చదివిన ఊపులో బీసెంట్ రోడ్డులో నేనూ ఒక రబ్బరు స్టాంపు చేయించాను, నా పేరు, దాని కింద ‘మళ్లీ కొట్టాడు’ అని. పోయిన నెల ఇంకో కార్యక్రమం కాగితం మీద సంతకం పక్కన ఆ ముద్ర వేశాను. గుమాస్తా గారు కళ్లజోడు పైకి నెట్టుకుని చూసి, కాగితం చించేసి, కొత్తది రాసి మళ్లీ సంతకం చేయించారు. కొత్తదాని మీదా అదే వరుస, వాద్యబృందం – 8 మంది. నిజానికి ఆ రోజు మేం వాయించింది ఏడుగురమే. కీబోర్డు కుర్రవాడికి జ్వరం. ఎనిమిదో వాటా తిరిగి కట్టేస్తామని చెబితే, ఎవరి పేరు మీద జమ రాయాలో తెలియడం లేదన్నారు.

ఇట్లు,
డ్రమ్స్ వాద్యకారుడు,
సత్యనారాయణపురం, విజయవాడ