డిసర్టేషన్ రాస్తున్న బరంపురం తెలుగు విద్యార్థులకు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సీనియర్ల పాత ఫైళ్లు గ్రూపులో అడగడం దయచేసి ఆపండి. వాటిలోంచి కాపీ కొడితే మీకే నష్టం. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం మీ రాతకి ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటితే, 6 నెలలు మించని గడువులో సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 దాటితే ఏడాది పాటు సమర్పించనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. పర్లాకిమిడి నుంచి వచ్చి గది అద్దె కట్టి చదివే పిల్లలకి అది ఎంత దెబ్బో ఆలోచించండి.

ఒడియా పుస్తకంలోని పేరాని ఇంగ్లిష్‌లోకి మార్చి మూలం చెప్పకపోయినా కాపీయే. పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్ వదిలేసినా, ఒడియా చదివే గైడ్ పట్టేస్తారు. యథాతథంగా తీసుకున్న వాక్యానికి కొటేషన్ గుర్తులు, రచయిత పేరు, సంవత్సరం, పేజీ తప్పక పెట్టండి. అలా మూలం చూపిన ఉల్లేఖనాలు పోలిక లెక్కలోకి రావు. మిగతాది పుస్తకం మూసేసి సొంత మాటల్లో రాయండి.

టెన్షన్‌గా ఉన్నవాళ్లు నాకు విడిగా మెసేజ్ పెట్టండి, కూర్చుని చూద్దాం.