రోడ్డు పనులు, సైకిల్ లేన్ సంగతి

అందరికీ నమస్కారం. మెయిన్ రోడ్డు పాత తారు గీకేసి కొత్తది వేస్తున్నారు కదా, సైకిల్ లేన్ అడగాలా వద్దా అని నిన్న అర్ధరాత్రి దాకా గ్రూపులో గొడవే.

తారు వేశాక తెల్లగీతలు ఎలాగూ మళ్లీ గీయాలి. అంచు నుంచి మీటరున్నర వదిలి ఇంకో గీత గీయమనడమే మనం అడిగేది. ఇప్పుడు వదిలేస్తే మళ్లీ రోడ్డు వేసేదాకా ఆగాలి.

పార్కింగ్ పోతుందని షాపులవాళ్ల టెన్షన్, అది నిజమే. కానీ మొన్న ఆగి ఉన్న కారు తలుపు ఠక్కున తెరుచుకుని మా అమ్మాయి సైకిల్ మీద నుంచి పడింది. మోచెయ్యి దోక్కుపోయింది, బెల్లు ఊడి కాలవలో పడింది.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభించిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఫొటో ఎవరో పెట్టారు. బాగుంది. అయితే మన పాలబ్బాయి అక్కడ తొక్కడుగా! మనకి కావాల్సింది స్కూలు దాకా, కూరగాయల మార్కెట్ దాకా.

ఉట్టి గీతైతే వారంలో ఆటోలు, పానీపూరీ బండ్లు ఎక్కేస్తాయి. గీత వెంట అడ్డుగా రబ్బరు స్తంభాలూ అడగాలి.

ఆదివారం పొద్దున 10కి కమ్యూనిటీ హాల్లో కలుద్దాం. షాపులవాళ్లూ తప్పకుండా రండి.