2 అడుగుల వేదికకు 24 అడుగుల ర్యాంపు: ఒంగోలు సదస్సుకు సాయపడిన వారికి కృతజ్ఞతలు

వికృత రూపం, వైకల్యం మీద ఒంగోలులో జరిగిన రెండు రోజుల సదస్సు సజావుగా సాగిందంటే అది పత్రాలు చదివినవాళ్ల గొప్ప ఒక్కటే కాదు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి పనులు చెప్పి దండం పెడుతున్నాం.

ముందు వడ్రంగి అన్నదమ్ములకు. వేదిక ఎత్తు 2 అడుగులైతే షామియానా వాళ్లు వేసిపోయిన చెక్క 8 అడుగులే. అంత వాలులో చక్రాల కుర్చీ ముందు చక్రాలు పైకి లేస్తాయి, వెనక తోసేవాళ్ల కాళ్లు జారతాయి. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు కావాలి. 24 అడుగులు నేరుగా వేయడానికి హాల్లో చోటు లేదు. అందుకని 12 అడుగుల ముక్కలు రెండు చేసి, మలుపు దగ్గర కుర్చీ తిరిగేందుకు 5 అడుగుల చదును వదిలి, రాత్రికి రాత్రే బిగించారు. తివాచీ చక్రాల కింద ముడతలు పడుతుంటే పీకేసి కొబ్బరిపీచు పట్టా కొట్టారు. ‘ఇంత తిప్పలెందుకు సార్, మాట్లాడేవాళ్ల బల్లే వేదిక మీద కాకుండా కింద వేసుకుంటే పోయేది గదా’ అన్నారు. నిజమే, మాకు తట్టలేదు.

కనిగిరి వైపు పెద్దలకు, మీ ఎక్స్‌రేలు చూపించనిచ్చినందుకు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్ జబ్బు గురించి షార్ట్ అనే వైద్యుడి బృందం 1937లో రాసింది అప్పటి నెల్లూరు జిల్లా సంగతే. 1970 దాకా కనిగిరి ఆ జిల్లాదే. వికృత జననాలకు కారణాలు చెబుతూ 1573లో ఫ్రెంచి వైద్యుడు ఆంబ్రోజ్ పారే మొదట దేవుడి మహిమ, తర్వాత దేవుడి ఆగ్రహం అన్నాడు. మన ఊళ్లలో దాన్నే పూర్వజన్మ పాపం అంటారు. మీ ఎక్స్‌రేలో కనిపించేది వేరు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును బాగా మించిన ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వెన్నుపూసల్ని పట్టి ఉంచే బంధనాలు గట్టిపడతాయి, పూసలు అతుక్కుంటాయి, నడుం వంగిపోతుంది. పాపం బోరుది.

ఆ ఫిల్ముల మూలనున్న పేరు, వయసు, ఆసుపత్రి నంబరు మీద నల్ల టేపు అంటించాకే ఫొటో తీయనిచ్చిన ఆశా అక్కలకు మరీ మరీ. స్లైడులో అంచు కత్తిరించినా అసలు బొమ్మ ఫైల్లోనే దాగి ఉంటుంది, ఎవరైనా మళ్లీ బయటికి లాగొచ్చు. ముఖాల ఫొటోలు వద్దన్నదీ వాళ్లే. కళ్ల మీద నల్లపట్టీ వేస్తే మనిషి దొంగలా కనబడతాడు, ఊళ్లోవాళ్లు ఎలాగూ గుర్తుపడతారు.

నెల్లూరు నుంచి వచ్చిన తోలుబొమ్మల కళాకారులు నవ్వించే పాత్రలైన కేతిగాణ్ణి, బంగారక్కను, జుట్టుపోలిగాణ్ణి తెర మీద ఆడించి, ఏ బొమ్మ ఆకారానికి జనం ఎందుకు నవ్వుతారో విడమరిచి చెప్పారు. ఒక పూట పత్రాలన్నిటికంటే అదే పదునుగా ఉంది. హాలోజన్ దీపం దగ్గరగా పెడితే వేడికి తోలు ముడుచుకుంటుందని ఎల్‌ఈడీ పెట్టించిందీ వాళ్లే.

సైగ భాష అనువాదకులు ఇద్దరూ 20 నిమిషాలకోసారి మారుతూ చేశారు. స్లైడుల కోసం దీపాలు ఆర్పినప్పుడు వాళ్ల చేతుల మీద వెలుగు ఉంచిన కరెంటు తమ్ముడికీ థ్యాంక్స్.

ర్యాంపు చెక్కలు మేకులు పీకి కట్టలు కట్టి పెట్టాం. వేదిక ఎత్తు 2 అడుగులు మించకపోతే ఎవరైనా పట్టుకెళ్లి వాడుకోవచ్చు. పీచు పట్టా మాత్రం కొత్తది కొనుక్కోవాలి.