ఊపిరితిత్తుల నరాలకు చికిత్స: మా నాన్నగారి తరఫున కృతజ్ఞతలు

శ్వాసనాళాలు ఇరుకై గాలి సరిగా ఆడని సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బుతో చాలాకాలంగా బాధపడుతున్న మా నాన్నగారికి, ఒక పరిశోధనలో భాగంగా, ఊపిరితిత్తుల నరాలపై చేసే చికిత్స జరిగింది. అందులో పాలుపంచుకున్న వైద్యులకు, మత్తు డాక్టర్లకు, నర్సులకు మా కుటుంబమంతటి తరఫున కృతజ్ఞతలు.

లేనిపోని ఆశలు పెట్టకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పిన పెద్ద డాక్టరుగారికి ముందుగా నమస్కారాలు. మెదడు నుంచి ఛాతీలోకి, కడుపులోకి దిగే వేగస్ నరం శాఖలు ప్రధాన శ్వాసనాళాల వెలుపలి వైపు నుంచి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయని, వాటి కొసల్లో వెలువడే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం వల్ల నాళాల కండరాలు బిగుసుకుని కఫం ఎక్కువగా ఊరుతుందని, నాన్నగారు రోజూ పీల్చే టయోట్రోపియం మందు అడ్డుకునేది కూడా ఈ సంకేతాన్నేనని ఆయన బొమ్మ గీసి వివరించారు. ఛాతీ కోయకుండా, బ్రాంకోస్కోప్ (శ్వాసనాళంలోకి దించే సన్నని కెమెరా గొట్టం) సాయంతో నాళంలోకి పంపిన బెలూన్ పరికరం రేడియోఫ్రీక్వెన్సీ వేడితో ఆ నరాలను దెబ్బతీస్తుందని, లోపలి పొర కాలకుండా బెలూన్‌లో చల్లని ద్రవం తిరుగుతూ ఉంటుందని చెప్పారు. చెడిపోయిన గాలి గదులు దీనివల్ల బాగుపడవని, ఇన్‌హేలర్లు మానకూడదని, జీర్ణాశయానికి వెళ్లే నరాలకు వేడి తగిలితే కడుపు ఉబ్బరం, వాంతులు రావచ్చని కూడా దాచకుండా చెప్పి, ఆ తర్వాతే సంతకం అడిగారు.

మాకు ముఖపరిచయం లేనివారికి కూడా రుణపడి ఉన్నాం. ఇదే చికిత్సను పరీక్షించి 2019లో ఫలితాలు వెలువరించిన ఎయిర్‌ఫ్లో-2 పరిశోధనలో 82 మంది పాల్గొన్నారు. చికిత్స తర్వాత 3 నుంచి 6.5 నెలల మధ్య శ్వాసకోశ ఇబ్బందులు ఎదురైనవారు చికిత్స అందినవారిలో 32 శాతం, అందనివారిలో 71 శాతం. ఆ 82 మందిలో సగం మంది మత్తు తీసుకుని, బ్రాంకోస్కోపీ చేయించుకుని, అసలు చికిత్స మాత్రం పొందలేదు. వారు లేకపోతే పోల్చి చూడటానికి ఏమీ ఉండేది కాదు. ఇంత చిన్న పరిశోధనను బట్టి ఇది అందరికీ పనికొస్తుందని నేను అనను.

నాన్నగారికి ఆయాసం హఠాత్తుగా ముదిరి ఆసుపత్రికి పరుగెత్తవలసిన సందర్భాలు తగ్గాయి. ఆ ఘనత చికిత్స ఒక్కదానిదే కాకపోవచ్చు. పెదవులు సున్నాలా చుట్టి మెల్లగా గాలి వదలడం నేర్పిన ఫిజియోథెరపిస్టుగారికి, ఇన్‌హేలర్ పీల్చే తీరును ఓపికగా సరిదిద్దిన నర్సుగారికి ఇందులో వాటా ఉంది. నాన్నగారైతే ఆ నర్సుగారి పేరే అందరికంటే ముందు రాయమన్నారు. ఆమె అనుమతి ఇంకా అడగలేదు కాబట్టి ప్రస్తుతానికి రాయడం లేదు.